ఐదవ పాలు: కోయంబత్తూరు తెలుగువారి కర్మాగారములు, విద్యాలయములు

కోయంబత్తూరు మండలమున తెలుగు మాటలాడు కమ్మవారు విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చి స్థిరపడినవారి సంతతి. తెలుగునుండి వచ్చినవారిని తమిళులు వడుగరని వ్యవహరించుట పూర్వాచారము. వీరు తమ పేళ్ల చివర నాయుడు అను పదమును నిలుపుకొనిరి. ఇంట తెలుగును, వీధిని తమిళమును వాడుకొనిరి. తరతరములుగా సేద్యమునే నమ్ముకొనిరి. ఇట్టి రైతు కుటుంబములనుండి ఇంచుమించు రెండు తరములలో నూలుమిల్లులు, పంపుల కర్మాగారములు, సాంకేతిక కళాశాలలు పుట్టుకొచ్చుట ఎట్లు సంభవించెను? వారు కష్టజీవులని, జాతిలోనే చొరవ కలదని సాధారణముగ చెప్పెడి సమాధానము. ఇది ప్రశంసయే కాని చరిత్ర కాదు. కష్టించు రైతులు ప్రతి తాలూకాలోను ఉండిరి. చొరవ ఒకరిద్దరితో పుట్టి వారితోనే అణగిపోక, తరువాతివారికి అందునట్లు ఏ యేర్పాటు జరిగినదో చూడవలసియున్నది.

ముందుగా ఆ నేల సంగతి. పడమటి కనుమల చాటున నుండుటచే ఈ మండలమునకు వానలు కొలది. నీరు కావలెనన్న లోతుగా బావి త్రవ్వవలసినదే. ఎద్దులచే మోట తోలించి నీరు పైకి తీయుట ఎంతటి ఖర్చుతో కూడిన పనియో రైతు ప్రతిదినము లెక్క చూచుకొనెడివాడు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కంబోడియా ప్రత్తి ఈ ప్రాంతమునకు వచ్చెను. అది పొడవైన పింజ గలది, మంచి ధర తెచ్చునది; కాని నీరు కోరునది. బావినీటితో అమ్మకపు పంట పండించుటకు సాహసించిన రైతు అప్పుడే సగము వర్తకుడయ్యెను. పెట్టుబడి ముందు పెట్టి, ధర తరువాత తెలిసికొను జీవితమునకు అతడు అలవాటుపడెను. ప్రత్తి కొనుట, గింజ తీయించుట, బేళ్లు కట్టించి పంపుట ఆ తరువాతి మెట్లు.

మిల్లు నడపు విద్య మాత్రము మొదట పరులదే. 1888లో స్టేన్సు అను ఆంగ్లేయుడు కోయంబత్తూరున నూలుమిల్లు స్థాపించెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీమిల్లు నెలకొల్పెను. తరువాత 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు వెలువడుటతో పరిస్థితి పూర్తిగ మారెను. మిల్లులకు చౌకగా శక్తి లభించెను. బావులపై మోటకు బదులు మోటారు పెట్టు అవకాశమును కలిగెను. ఒకే తీగ మిల్లును, పొలమును కూడ కదిలించుట కోయంబత్తూరు విశేషము. నూలు యంత్రమును బాగుచేయు వడ్రంగికి, కమ్మరికి ఇక పంపులపనియు దొరకెను. పంపు పోతపోయువాడు మిల్లు భాగములను కూడ పోతపోయ నేర్చెను.

ఈ మార్పులకు కొంత ముందుగా, నగరమునకు సమీపమునగల పీలమేడు గ్రామమున ఒక కుటుంబము చేసిన యేర్పాటే ఈ వ్యాసమునకు ప్రధానవిషయము. పీలమేడు సామనాయుడుగారి కుమారుడు గోవిందస్వామి నాయుడు, పి.ఎస్.జి. అను మూడక్షరములు ఆ పేరునుండి వచ్చినవే. ఆయనకు కుమారులు నలుగురు. ఆస్తి పంపకమున నాలుగు పాళ్లకు మారు ఐదు పాళ్లు చేయబడెను. ఐదవ పాలు ధర్మమునకు. ధర్మమును ఐదవ కుమారునిగా భావించిరని ఆ కుటుంబమున చెప్పుదురు. 1924లో పీలమేడున సర్వజన పాఠశాల వెలసెను. 1926లో ఆ పాలుతో పి.ఎస్.జి. అండ్ సన్సు ధర్మసంస్థ ఏర్పడెను.

దానములు తెలుగువారికి క్రొత్తకాదు. చెన్నపట్టణపు కోమటి వర్తకులు బడులకు, సత్రములకు విరివిగా నిధులు వ్రాసియిచ్చిరి. ఇండ్ల అద్దె, నిధిపై వడ్డీ వాటికి ఆధారము. అట్టి నిధి ఎంత పెద్దదైనను దాని రాబడికి ఒక హద్దు కలదు. ధరలు పెరిగినకొలది అది కుంచించుకొనిపోవును. ధర్మకర్తల పని దానిని కాపాడుటతోనే సరిపోవును. పీలమేడువారు ధర్మమునకు ఇచ్చినది దానముగా కాక, వారసత్వముగా. వారసుడు తన పాలును సేద్యము చేసి వృద్ధిచేయవలెను గదా! అదే 1926లో పారిశ్రామిక శిక్షణాలయము కూడ వెలసెను. పని నేర్పుటకు ఏర్పడిన ఆ శాల కాలక్రమమున పంపులు, మోటారులు, లేతు యంత్రములు చేసి అమ్ము కర్మాగారమయ్యెను. 1939లో పాలిటెక్నిక్కు, 1947లో ఆర్ట్సు కళాశాల, 1951లో సాంకేతిక కళాశాల ఒకదానివెంట నొకటి వచ్చినవి.

బడి ప్రక్కన అంగడికి సరకు పంపు కర్మాగారముండుట చిన్న సంగతి కాదు. బోధనకై మాత్రమే ఏర్పడిన పనిశాలలో విద్యార్థి ఇనుపముక్కను ఆకురాయితో అరగదీసి కొలతకు తెచ్చి గురువునకు చూపును. గురువు మార్కులు వేసి ముక్కను మూల పడవేయును. అంగడికి పోవు పంపు విషయమున అది చెల్లదు. పోతలో బుడగ యున్నచో ఆ పంపు బావిలో నీరెత్తదు. రైతు దానిని బండిమీద వేసికొని తిరిగి వచ్చును. బొగ్గుధర, కూలి, ఆలస్యము, అరువుబేరము, మరమ్మతు, ఇవన్నియు పాఠములే. అయితే వీనిని ఏ పాఠ్యగ్రంథమును చెప్పదు. నష్టమనునది అవమానము కాదని, లెక్క తప్పినచోటు వెదకి దిద్దుకొనవలసిన విషయమని గ్రహించుట ఇట్టి చోటనే సాధ్యము. సాంకేతిక కళాశాలలో చదువునడుమ కర్మాగారపు పనిని కూర్చిన సాండ్విచ్ పద్ధతి ప్రవేశపెట్టుటకు ఈ ఇరుగుపొరుగుతనమే అనుకూలించెను.

ఇదే మండలమున మరియొక మార్గమును త్రొక్కినవారు జి. డి. నాయుడుగారు. 1893లో కలంగల్ గ్రామమున రైతు కుటుంబమున జనించి, బడిచదువుపై మనసు నిలుపక, 1920లో పొళ్లాచి పళనిల నడుమ ఒకే బస్సు నడపి, దానిని పెద్ద రవాణాసంస్థగా పెంచిరి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి చేసిన విద్యుత్ మోటారు దేశమున తయారైన మొదటిదిగా ప్రసిద్ధికెక్కెను. ఆయన బుద్ధికి విశ్రాంతి లేదు. క్షౌరపుకత్తినుండి కాలము చూపు యంత్రమువరకు చేయిపెట్టని వస్తువు అరుదు. అప్పటి మదరాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, 1945లో ఇంజనీరింగు కళాశాలను ఆయన ప్రయత్నముతోనే వెలసినవి. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వ్యర్థమని, రెండేండ్లు చాలునని ఆయన వాదము. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన తప్పుకొనిరి. ఆ కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలయై నేటికిని నడుచుచున్నది. దాని చదువు నాలుగేండ్లే.

ఆయన వాదమున సత్యము లేకపోలేదు. ఏండ్లు లెక్కించుటకంటె పని లెక్కించుట మేలని ఆయన అనుభవము చెప్పెను. అయినను మేధావి తన వేగమును ఎల్లరికి కొలతగా పెట్టినపుడు సంస్థ నిలువదు. పీలమేడువారిలో అంతటి ప్రతిభాశాలి ఒకడుండెనని చెప్పజాలము. విశ్వవిద్యాలయపు నిబంధనలకు లోబడియే వారు కర్మాగారపు తలుపు తెరచియుంచిరి. అందుచే వారి పద్ధతి వ్యక్తులతో అంతరింపలేదు. జి. డి. నాయుడుగారు 1974లో మరణించిరి. ఆయన నెలకొల్పిన ప్రదర్శనశాలను చూచువారు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడుట వేరు, నేర్చుకొనుట వేరు.

సాంకేతిక కళాశాలకు తొలి ప్రిన్సిపాలు జి. ఆర్. దామోదరన్ అదే కుటుంబమునకు చెందినవారు. తరువాత వారు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా కూడ పనిచేసిరి. ఇతర కుటుంబములును వెనుకబడలేదు. 1956లో వి. రంగస్వామి నాయుడు విద్యాధర్మనిధి కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని స్థాపించెను. 1963లో పీలమేడుననే స్త్రీలకై కృష్ణమ్మాళ్ కళాశాల వెలసెను. 1933లో మిల్లు యజమానులు సంఘముగా కూడిరి. 1956లో నూలుపరిశ్రమకు పరిశోధనాసంస్థ యొకటి ఏర్పడెను. అంగడిలో పోటీపడువారు ఒక పరిశోధనాలయమునకు కలిసి చందా లిచ్చుట గమనింపదగినది. 1962లో లక్ష్మీ కుటుంబమువారు స్విట్జర్లాండులోని రైటర్ సంస్థ సహకారముతో నూలు యంత్రములనే చేయు కర్మాగారమును పెట్టిరి. పరదేశపు యంత్రమును కొని నడపినవారి సంతతి ఆ యంత్రమును చేయువారైరి. ఈ కర్మాగారములకు కావలసిన ఫిట్టర్లు, డ్రాఫ్ట్సుమెన్లు, ఇంజనీర్లు నగరముననే తయారగుచుండిరి. వారిలో పలువురు కొలువు విడిచి రెండు లేతులతో సొంత షెడ్డు పెట్టుకొనుట కోయంబత్తూరున సర్వసాధారణమయ్యెను. అట్టి షెడ్డుల యజమానులు అందరు నాయుళ్లు కారు. గౌండర్లు, ఇతరులు పెక్కురు కలరు. సర్వజన యను పేరు ఇక్కడనే సార్థకమైనది.

ఈ చరిత్రకు చీకటివైపును కలదు. ఉత్సవసంచికలలో దానిని దాటవేయుట పరిపాటి. మిల్లుల వృద్ధి కాలమున కార్మికుల దినము దీర్ఘము, కూలి అల్పము. సంఘములు కట్టుటకు చేసిన ప్రయత్నములు తీవ్రమైన ఘర్షణలకు దారితీసెను. చిన్నియంపాళయమునకు చెందిన నలుగురు మిల్లు కార్మికులు హత్యానేరముపై 1946 జనవరి 8న కోయంబత్తూరు చెరసాలలో ఉరితీయబడిరి. నగరపు కార్మికులు వారిని నేటికిని స్మరింతురు. విద్యాలయపు తలుపు అందరికి తెరువబడినను, మిల్లుల పెట్టుబడియు అధికారమును చాలకాలము బంధువర్గమునందే నిలిచెను. చదువు పంచుటకు ఐదవ పాలు తీసిన కుటుంబములు యాజమాన్యమును పంచుటకు అట్టి పాలు తీయలేదు.

మిగిలినది భాష. ఈ సంస్థలు నేర్పిన విద్య తమిళమునను ఆంగ్లమునను సాగెను. దామోదరన్‌గారు 1940ల చివర ప్రారంభింపబడిన కలైక్కదిర్ అను విజ్ఞానమాసపత్రికకు సంపాదకులై, శాస్త్రవిషయములను తమిళమున సామాన్యులకు అందజేసిరి. దానికై తమిళులు వారిని గౌరవింతురు. తాము నివసించు దేశపు భాషలో విజ్ఞానమును చెప్పుట సమంజసమే. చుట్టునున్న విద్యార్థులలో అత్యధికులు తమిళులే గదా. అయితే యంత్రమునకు, పాఠశాలకు, పరిశోధనకు పాళ్లు తీసినవారు ఇంటిమాటకు ఏ పాలును తీయలేదు. అది వ్రాతలేకయే, వంటయింటను పెండ్లిపందిళ్లలోను, తల్లులనుండి బిడ్డలకు నోటిమాటగా దిగివచ్చెను. ఇప్పుడు ఆ ఇండ్లలో తెలుగు మాటలాడువారిలో తెలుగు లిపి చదువగలవారు కొలదిమంది.