పంపకములకు ముందటి పుస్తకము

ముసునూరు పరిసరములలో మన సంఘస్థుల ఇండ్లలోని పాత ట్రంకు పెట్టెలు తెరచినచో సాధారణముగా కనబడునవి అట్ట ఊడిన బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, పొలము కాగితములు. మాకు వారసత్వముగా వచ్చిన పెట్టెలో వీటి అడుగున మరియొకటి దొరికినది. మిషను బడి ఉపాధ్యాయులైన మా తాతగారి సంతకముతో ఉన్న చిన్న ఇంగ్లీషు పుస్తకము 'ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్', అనగా క్రీస్తును అనుకరించుట. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పాఠములో దీని పేరు విన్నాము. చదివినది మాత్రము ఈ ప్రతినే. మొదటి పుటలలో కతోలిక సంఘాధికారుల అనుమతి అచ్చువేయబడియున్నది.

గ్రంథకర్త థామస్ ఆ కెంపిస్. 1380 ప్రాంతమున జర్మనీలోని కెంపెన్‌లో జన్మించి, హాలెండులోని జ్వోలె పట్టణము చెంతనున్న మఠములో పుస్తకములకు నకళ్లు వ్రాయుచు జీవించి, 1471లో ప్రభువునందు నిద్రించెను. ఆయన స్వహస్తముతో 1441లో ముగించిన ప్రతి బ్రస్సెల్సులోని రాజ గ్రంథాలయములో నేటికిని కలదు. మూలము లాటిను. నాలుగు భాగములు, 114 అధ్యాయములు. నాలుగవ భాగము పూర్తిగా ప్రభు భోజన సంస్కారమును గూర్చినది.

చిక్కు వచ్చినది అక్కడనే. సంస్కారమునకు ముందు శనివారము సాయంకాలము ఈ భాగము చదువుదమని మేము అనగా ఒక పెద్దాయన, "రోమను వారి పుస్తకము మనకేల, అయ్యగారూ?" అని సూటిగా అడిగిరి. ప్రశ్న తేలికది కాదు. ఇంగ్లండులో థామస్ రోజర్సు 1580లో ఈ గ్రంథమును అనువదించినప్పుడు నాలుగవ భాగమునే విడిచిపెట్టెను. కాని జాన్ వెస్లీ 1735లో తన అనువాదమును వెలువరించినప్పుడు దానిని విడువలేదు. మన దేశములో వివేకానందస్వామి పరివ్రాజకునిగా తిరిగిన దినములలో భగవద్గీతతోబాటు ఈ పుస్తకమును వెంట ఉంచుకొని, 1889లో కొన్ని అధ్యాయములు వంగభాషలోనికి మార్చెను. హిందూ సన్యాసికి అడ్డురాని కతోలిక ముద్ర మనకు అడ్డగుట మాకు వింతగానే తోచినది.

పెద్దాయనకు మాత్రము మేము వేరొక విధముగా చెప్పితిమి. లూథరు జన్మించినది 1483లో. అప్పటికే థామస్ సమాధి చేరి 12 సంవత్సరములైనది. కనుక ఇది అన్నదమ్ములు వేరుపడక ముందటి ఉమ్మడి ఆస్తి. పెద్దవాని ఇంట ఉండిపోయినంత మాత్రమున చిన్నవానికి హక్కు పోవునా? గట్టు తగవులు, వాటా తగవులు ఎరిగిన ఊరికి ఈ మాట అర్థమైనది. పెద్దాయన ఒప్పుకొనలేదు గాని శనివారము వచ్చి వెనుక బల్లమీద కూర్చుండిరి.

మేము చదువుచు చదువుచు తెలుగు చెప్పెడివారము. పాఠకులు గ్రహింపవలసిన దొకటి కలదు. ఇది మఠవాసి మఠవాసులకు వ్రాసినది. లోకమును విడిచి గదిలో ఏకాంతముగా ఉండుమను మాట, తోట కౌలుకు తీసుకొని గాలివానకు కాయ రాలిపోయిన మనిషికి ఎట్లు చెప్పగలము? పొరుగువాని ఆకలిని గూర్చియు, కూలి న్యాయమును గూర్చియు ఇందులో మాకు కావలసినంత లేదు. అట్టి చోట్ల యాకోబు పత్రిక తెరచి పక్కన పెట్టుకొంటిమి. అయితే యేసు పరలోక రాజ్యమును ప్రేమించువారు అనేకులు గాని ఆయన సిలువను మోయువారు కొందరేయని రెండవ భాగము చివర ఆయన పట్టిచూపినప్పుడు, కాయ కోసి అలసి వచ్చినవారు సయితము తలయెత్తి వినిరి. మరుసటి వారము ఒక తల్లి తన కతోలిక వియ్యపురాలిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆమెకు ఈ పుస్తకము పేరు ముందే తెలుసును!

ఆ అనువాదము ఇప్పుడు ఒక గీతల నోటుబుక్కులో ఎక్కుచున్నది. రెండవ భాగములోని 12 అధ్యాయములు ముగిసినవి. నాలుగవ భాగములోని 18 అధ్యాయములలో ఏడు అయినవి. పుస్తకము ఇల్లిల్లు తిరుగుచున్నది; వియ్యపురాలి ఇంట పదిదినములు ఉండి వచ్చినది. మూడవ భాగము 59 అధ్యాయములు. రసాల కోతలు అయిన పిమ్మట మొదలుపెట్టవలెను.