ముందు గది, ఆ తర్వాతే పాఠం (11వ భాగం)



గత భాగంలో మన వాడల్లో నడిచిన రాత్రి బడుల గురించి రాశాను. ఆ బడి దాటి యూనివర్సిటీ గేటు దాకా వచ్చినవాళ్లు మొదటి ఏడాది ఎలా నిలబడ్డారో కూడా రాయమని చాలామంది అడిగారు. ఇది అడ్మిషన్ల కాలం. రాయాల్సిన సమయమే.

ఇప్పుడు ఏ యూనివర్సిటీకి వెళ్లినా ఓరియెంటేషన్, మెంటరింగ్, కౌన్సెలింగ్ సెల్ అనే మాటలు వినిపిస్తాయి. కొత్త విద్యార్థుల కోసం యూజీసీ 2019లో ఒక మార్గదర్శిని తెచ్చి దానికి ‘దీక్షారంభ్’ అని పేరు పెట్టింది. దీక్ష అనే మాట మన చెవికి ఎలా వినపడుతుందో శంబూకుడి కథ తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పేరు సంగతి అలా ఉంచుదాం. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆసరా ఇవ్వాలన్న ఆలోచన యూనివర్సిటీలకు ఈమధ్యే వచ్చింది. మన ఉద్యమం మాత్రం వందేళ్ల కిందటే ఆ పని మొదలుపెట్టింది. మనవాళ్లు మూడు విషయాలు పట్టుకున్నారు: గది, డబ్బు, తోడు.

ముందు గది.

1913లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1917లో తిరిగొచ్చి, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే, ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని తలదాచుకున్నారు. కులం తెలిశాక కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. న్యూయార్క్‌లో పార్సీ స్నేహితుడితో గది పంచుకున్న మనిషికి సొంత దేశంలో పార్సీ సత్రం నిలువ నీడ ఇవ్వలేదు. అంత చదువూ ఒక్క గదిని సంపాదించలేకపోయింది.

అందుకే మన చదువుల చరిత్రలో బడితో పాటు హాస్టల్ కూడా ఉంటుంది. కొల్హాపూర్‌లో సాహు మహరాజ్ ఒక్కో కులానికీ హాస్టళ్లు కట్టించి, 1908లో అంటరాని కులాల పిల్లల కోసం మిస్ క్లార్క్ హాస్టల్ పెట్టించారు. అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టాక, ఆ సభ చేసిన తొలి పనుల్లో ఒకటి 1925లో సోలాపూర్‌లో హాస్టల్ తెరవడం. ఊళ్లో సీటు వచ్చినా ఇల్లు అద్దెకివ్వరు, హోటల్లో అన్నం పెట్టరు, బావి దగ్గరికి రానివ్వరు. అలాంటిచోట తల దాచుకునే చోటు లేకుండా చదువు సాగదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. మన దగ్గర ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి సంక్షేమ హాస్టళ్ల కోసం, గురుకులాల కోసం అంతగా పట్టుబట్టారంటే కారణం ఇదే. మనలో ఎంతమందిమి ఒక ట్రంకుపెట్టె, ఒక కంచం, ఒక దుప్పటితో ఆ హాస్టళ్ల గడప తొక్కినవాళ్లమో లెక్కేసుకోండి.

రెండోది డబ్బు.

1942లో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యులయ్యారు. ఆ ఏడాదే షెడ్యూల్డు కులాల సమస్యల మీద వైస్రాయ్‌కి విజ్ఞాపన పత్రం ఇచ్చారు. ఉన్నత చదువులకు ప్రభుత్వమే స్కాలర్‌షిప్పులు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. ఈరోజు మీరు మీసేవ చుట్టూ, కాలేజీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అంటే స్వాతంత్ర్యం కంటే ముందు సాధించుకున్న హక్కు అది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు దాన్ని దయగా ఇస్తున్నట్టు మొహం పెడితే, ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

డబ్బు ఎంత ముఖ్యమో, అది వేళకు అందడం అంతే ముఖ్యం. నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. మొదటి నెలలో వరసగా ఆబ్సెంట్ పడిన పేర్లు చూసుకుని ఫోన్ చేస్తే వచ్చే జవాబులు ఏటా అవే. హాస్టల్లో సీటు రాలేదండి. బస్‌పాస్ కాలేదండి. ఆదాయం సర్టిఫికెట్ ఇంకా రాలేదండి. చదువు మీద ఆసక్తి లేదని చెప్పినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ప్రభుత్వానికి అది ఒక బకాయి పద్దు. పిల్లకు మాత్రం అది హాల్ టికెట్, టీసీ.

మూడోది తోడు. దీని చరిత్ర తక్కువగా రాశారు.

అంబేడ్కర్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, ఉద్యోగం చేసుకునే పేద విద్యార్థుల కోసం ఉదయం పూట తరగతులు నడిపించారు. విద్యార్థి కాలేజీకి సర్దుకోవాలని అడగలేదు, కాలేజీనే విద్యార్థికి సర్దారు. 1950లో ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టారు. అదే తర్వాత మిళింద్ కాలేజీ అయింది. అక్కడ చదివి, అక్కడే పాఠం చెప్పిన గంగాధర్ పంతావణే ‘అస్మితాదర్శ్’ పత్రికతో మరాఠీ దళిత సాహిత్యానికి వేదిక కట్టారు. సాహిత్యం చదువుకున్న మనిషిగా నాకు ఇది చాలా పెద్ద విషయం. తనలాంటి నలుగురు పక్కన ఉన్నచోట మన పిల్లలు పాసై ఊరుకోలేదు, ఒక సాహిత్యాన్నే పుట్టించారు.

మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వచ్చింది. దాని ధర్నాలు, ఎన్నికలు అందరికీ తెలుసు. కానీ అడ్మిషన్ల రోజుల్లో హెల్ప్ డెస్క్ పెట్టి కొత్తవాళ్ల ఫారాలు నింపడం, గదుల కేటాయింపు అయ్యేదాకా సీనియర్లు తమ గదుల్లో చాప పరిచి చోటివ్వడం, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ నోట్సు విడమరిచి చెప్పడం కూడా రాజకీయమే. ఏ క్యాంపస్‌లోనైనా మన సంఘాలు నడిచేది ఈ పని మీదే. ఏ జీవోలోనూ లేని మెంటరింగ్ అది.

మరి సంస్థలు ఏం చేశాయి?

2006లో రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళనల తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేశారు. 2007లో నివేదిక వచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక గదులు మారి ఒకేచోట చేరాల్సి రావడం, మెస్‌లో, ఆటల్లో దూరం పెట్టడం, అధ్యాపకుల నుంచి సహకారం లేకపోవడం అందులో నమోదయ్యాయి. ఎయిమ్స్ యాజమాన్యం దాన్ని ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే, 2008 ఫిబ్రవరిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్‌ను పోగొట్టుకున్నాం. తమిళనాడులో పందులు పెంచుకునే పన్నియాండి కులం నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. అతని విషయంలోనూ చర్చకొచ్చినవి గైడ్, ఫెలోషిప్. అంటే తోడు, డబ్బు.

2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి అంది. నాలుగేళ్లు తిరక్కుండానే రోహిత్ వేముల.

రోహిత్ విషయంలో జరిగిందాన్ని ఈ మూడు మాటలతో ఒకసారి చదవండి. నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు. అయిదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి వెలేశారు. క్యాంపస్‌లో నలుగురు కలిసే చోట్లకు గుంపుగా వెళ్లకూడదన్నారు. డబ్బు, గది, తోడు. మన పెద్దలు వందేళ్లు కూడబెట్టిన మూడింటినీ ఒక సంస్థ వరసగా లాగేసింది. అందుకే వాళ్లు వేసుకున్న గుడారం పేరు వెలివాడ అయింది. 2016 జనవరి 17 ఆ వరసలో చివరి రోజు. ఆ మరణానికి కారణం అతని మనసులో వెతికినవాళ్లు హాస్టల్ ఆర్డర్లు చదవలేదు.

‘అడ్జస్ట్ కాలేకపోయాడు’ అనే మాట మీద నా అభ్యంతరం ఇదే. ఆ మాట తప్పును విద్యార్థి లోపలికి తోస్తుంది. కౌన్సెలర్ కావాలి, వద్దనను. మనసు కుంగినప్పుడు సాయం అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ గది ఇవ్వకుండా, ఫెలోషిప్ ఆపేసి కౌన్సెలర్ దగ్గరికి పంపడం వైద్యం కాదు.

2019లో రాధిక వేముల, ముంబైలో కూతురు డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్న ఆబేదా తడ్వీ, ఇద్దరు తల్లులూ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. క్యాంపస్‌లలో కులవివక్షను ఆపే నిబంధనలు కాగితం మీద ఉంటే చాలదు, అమలు కావాలన్నారు.

కొత్తగా చేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వారం నాలుగు పనులు చేయండి. మీ కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఎక్కడుందో, వివక్ష ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో రాతపూర్వకంగా అడగండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. ఫీజు బాకీ అని సర్టిఫికెట్ ఆపితే ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. సీనియర్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. సీనియర్లూ, మీ గదిలో ఒక చాప ఎక్కువ ఉంచండి. మనకూ ఎవరో అలాగే పరిచారు.

వచ్చే భాగంలో సంక్షేమ హాస్టళ్ల నుంచి వచ్చిన తెలుగు దళిత కవుల గురించి.

జై భీమ్.