సుత్తి దెబ్బ, ఫిట్‌నెస్ కాగితం

తార్నాకకి ఒక పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, ఇంకో పక్క మౌలాలి లోకో షెడ్డు. యూనివర్సిటీ వైపునించి వచ్చేవాళ్ళకి ఇవి ఉత్త గోడలే. కానీ "ఈ బండి కదలొచ్చా, లేదా?" అన్న ప్రశ్నకి మన ఊళ్ళో చరిత్ర వెతికితే ఆ గోడల దగ్గరికే చేరతాం.

లాలాగూడ వర్క్‌షాపు నిజాం కాలంలో, 1893లో మొదలైంది. అప్పట్లో రైళ్ళ పరీక్ష చాలా సింపుల్. బండి ఆగగానే ఒకాయన పొడుగాటి సుత్తితో చక్రాల్ని ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోయేవాడు. ఖంగుమంటే మంచి చక్రం, బోలుగా మోగితే ఎక్కడో పగులుంది. కుండ కొనేముందు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేదీ ఇదే లాజిక్కు! ఇప్పుడు ఇరుసుల్లో పగుళ్ళకి అల్ట్రాసోనిక్ పరీక్షలున్నాయి. అదీ శబ్దమే, మన చెవికి వినపడదంతే.

తమాషా ఏంటంటే, హైదరాబాదులో ప్రభుత్వ బస్సులు మొదలెట్టిందీ రైల్వేనే. 1932 జూన్‌లో, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో. (బస్సు నంబర్లలో 'జడ్' నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద వచ్చిందంటారు. అంటారు, అంతే, నాది పూచీ కాదు.)

బ్రిటిష్ ఇండియాలో 1939 మోటారు వాహనాల చట్టం 38వ సెక్షన్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సంగతి చెప్పింది. 1988 చట్టంలో అది 56వ సెక్షన్. ఇప్పుడు లారీలకీ బస్సులకీ ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి పరీక్ష, ఆపైన ఏటేటా. స్కూలు బస్సులకైతే మన దగ్గర ప్రతి వేసవిలో, బడులు తెరిచేలోపు.

మరి 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఏం జరిగింది? ఆర్టీసీ బస్సులో వందమందికి పైగా ఎక్కారు, 60 మందికి పైగా చనిపోయారు. పరీక్షకి బండి ఖాళీగా వెళ్తుంది, కొండ మీంచి మాత్రం నిండా జనంతో దిగుతుంది. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టింగ్ అయింది, లోడ్ టెస్టింగ్ ఎవడూ చెయ్యలేదు.

రైలు పట్టాలు తప్పితే విచారించే రైల్వే సేఫ్టీ కమిషనర్ రైల్వేశాఖ మనిషి కాడు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తాడు. తప్పు చేసినవాడే తీర్పు చెప్పకూడదని ఆ ఏర్పాటు. ఆ కమిషనర్ ఆఫీసొకటి మన సికింద్రాబాదులోనే ఉంది. బస్సు లోయలో పడితే వచ్చి చూడడానికి అలాంటి కమిషనర్ ఇప్పటికీ లేడు.