ముక్కూ మొహం తెలియని నేస్తం

నెదర్లాండ్స్‌లోని ఒక ఇంటికి నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. రాసిన కుర్రాడి పేరు మాట్స్ స్టేన్. ఆ ఇంటి పెద్దలు అతన్ని ఎన్నడూ చూడలేదు. చూడని మనిషి తమ కూతురి గురించి తమకే నచ్చజెబుతూ రాసిన ఉత్తరమది.

గొడవ మన ఇళ్ళలోనూ తెలిసిందే. అమ్మాయి టీనేజీలో ఉంది. చదువు వెనకబడింది. కంప్యూటర్ ముందు నుంచి లేవదు. ఓపిక నశించి పెద్దవాళ్ళు కంప్యూటర్ లాగేసుకున్నారు. ఆటతోపాటు అందులోని స్నేహితులూ దూరమయ్యారు. పిల్ల దిగాలుపడిపోయింది. ఇలాంటప్పుడు ఆటలో పరిచయమైనవాళ్ళు మహా అయితే అయ్యో పాపం అనుకుని తమ ఆటలో తాము పడిపోతారు. మాట్స్ మాత్రం కూర్చుని ఆమె అమ్మానాన్నలకు ఉత్తరం రాశాడు. ఆ ఆట, అందులోని మనుషులు ఆమెకు ఎంత ముఖ్యమో కాస్త అర్థం చేసుకోమని అడిగాడు. ఆ ఉత్తరాన్ని ఆమె చాలా ఏళ్ళపాటు దాచుకుంది.

వాళ్ళిద్దరి పరిచయం గోల్డ్‌షైర్ అనే ఊళ్ళో. భూగోళంలో వెతికితే దొరకని ఊరు అది. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో అజెరోత్ అనే లోకం ఉంది. అందులో ఎల్విన్ అడవి, ఆ అడవి మధ్య గోల్డ్‌షైర్. 2004 నవంబరులో అమెరికాలో, ఆ మరుసటి ఏడాది యూరప్‌లో విడుదలైన ఆట ఇది. 2010 నాటికి నెలనెలా చందా కట్టి ఆడేవాళ్ళు కోటీ ఇరవై లక్షలకు చేరారు.

ఒక సాయంత్రం ఇబెలిన్ రెడ్‌మూర్ అనే ప్రభువు గోల్డ్‌షైర్‌లో ఉన్నాడు. ఆరడుగుల ఆజానుబాహువు. వృత్తి డిటెక్టివ్. ఆడవాళ్ళతో సరసం అతని అలవాటు. రూమర్ అనే చిలిపి పిల్ల ఎక్కడినుంచో ఊడిపడి, అతని నెత్తిమీది టోపీ లాక్కుని పరుగందుకుంది. ఇబెలిన్ వెంటపడ్డాడు. రూమర్‌ని ఆడిస్తున్నది ఆ డచ్ అమ్మాయి. ఇబెలిన్‌ని ఆడిస్తున్నది మాట్స్. తెరమీద వాళ్ళు పరిగెడుతుంటే, ఇక్కడ వీళ్ళ వేళ్ళు కీబోర్డుమీద పరుగులు తీస్తున్నాయి.

ఈ ఆటలో రోల్‌ప్లే సర్వర్లని ప్రత్యేకంగా ఉంటాయి. ఇబెలిన్ తిరిగింది ‘ఆర్జెంట్ డాన్’ అనే యూరప్ సర్వర్‌లో. అక్కడ రాక్షసుల్ని చంపి లెవెల్ పెంచుకోవడం ఒక్కటే ఆట కాదు. ఎవరి పాత్రలో వాళ్ళు ఉండి మాట్లాడాలి. నవ్వితే నవ్వినట్టు, తలుపు తోసుకుని లోపలికొస్తే వచ్చినట్టు టైప్ చేయాలి. స్క్రిప్టు లేకుండా రోజూ రాత్రి తెర లేపే నాటక సమాజం అనుకోవచ్చు. ఇలాంటి సమాజాలకు గిల్డులని పేరు. ఇబెలిన్ చేరిన గిల్డు ‘స్టార్‌లైట్’. ముప్ఫైమంది దాకా ఉండే చిన్న గిల్డు. పిలిస్తేనే అందులో చేరాలి.

ఇలాంటి ఆటల్లో ఒకరికొకరు సాయపడడం కొత్తేమీ కాదు, అసలు ఆట కట్టిందే ఆ పద్ధతిలో. ఒంటరిగా వెళితే పెద్ద గుహ దాటలేవు. దెబ్బలు కాచుకునేవాడు ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, కొట్టేవాళ్ళు కొందరు కావాలి. కొత్తగా వచ్చినవాడికి పాతకాపు సంచీ ఇస్తాడు, కత్తి ఇస్తాడు, నాలుగు నాణేలు చేతిలో పెడతాడు. ఇదంతా క్యారెక్టర్‌కి చేసే సాయం. క్యారెక్టర్ వెనక కూర్చున్న మనిషికి జ్వరమొచ్చినా ఉద్యోగం పోయినా కత్తి ఇచ్చినవాడికి తెలియదు, తెలియాలన్న నియమమూ లేదు. మాట్స్ ఈ గీత దాటాడు. ఇబెలిన్‌తో మాట్లాడుతున్నామనుకుని మొదలుపెట్టినవాళ్ళు, కాసేపటికి తమ పెళ్ళి గొడవ, తమ దిగులు, తమ పిల్లవాడి బెంగ చెప్పుకునేవారు. అతను వినేవాడు. మర్నాడు గుర్తుపెట్టుకుని అడిగేవాడు.

ఒక్క చిక్కుంది. తనవైపు నుంచి మాత్రం ఆ గీత దాటనివ్వలేదు. గిల్డులో అందరూ గొంతులు కలిపి కబుర్లాడుకునేచోటికి అతను రాడు. కెమెరా ముందుకు రాడు. ఏదో ఊళ్ళో అందరం కలుద్దామంటే ఏదో ఒక సాకు చెబుతాడు. ఆరడుగుల డిటెక్టివ్‌గారికి ఇంత సిగ్గేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆస్లోలో మాట్స్ వాళ్ళ ఇంటి కింది భాగంలోకి వెళితే అంతుపడుతుంది. చక్రాల కుర్చీలో చిక్కిపోయిన శరీరం. ఎదుట తెర. అతని చేతికి అందేలా ప్రత్యేకంగా అమర్చిన పరికరాలు. వంతులవారీగా వచ్చే సహాయకులు. మాట్స్ 1989లో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో, 1993లో, అతనికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అని తేల్చారు. కండరాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుకాని జన్యులోపం ఇది. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, చివరికి ఊపిరి, గుండె. పరిగెత్తవలసిన వయసులో కుర్చీ ఎక్కిన ఆ పిల్లవాడు ఆటలోకి రాగానే మొదట చేసే పని పరుగు. ఇబెలిన్ రోజూ అరగంటసేపు ఒకే దారిలో పరిగెత్తేవాడు. అదయ్యాకే మిగతా పనులు.

తల్లి ట్రూడె, తండ్రి రాబర్ట్ కొడుకుని ప్రాణంగా చూసుకున్నారు. పదేళ్ళలో అతను ఆటలో గడిపిన సమయం ఇరవై వేల గంటల దాకా ఉంటుందని లెక్క. అంటే ఉద్యోగస్తుడు ఆఫీసులో గడిపే కాలం. తెల్లవార్లూ ఆడి పగలు నిద్రపోతున్న కొడుకుని చూసి, వీడు లోకానికి దూరమైపోయాడే అనుకోవడంలో వాళ్ళ తప్పేముంది? గది గుమ్మంలోంచి చూసేవాళ్ళకు కనబడేది తెరమీద కత్తులు తిప్పుతున్న బొమ్మలే. ఆ బొమ్మల కింద అక్షరాల్లో ఏం నడుస్తోందో దగ్గర కూర్చుని చదివితే తప్ప తెలియదు.

ఆ అక్షరాల్లో నడిచిన ఒక కథ డెన్మార్క్‌ది. గిల్డులో ఒక తల్లి ఉంది. ఆమె కొడుకు ఆటిజం ఉన్న కుర్రాడు. గదిలోంచి బయటికి రావడమే గగనం. తాకనివ్వడు, మాట్లాడనివ్వడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరూ ఆ ఆటే ఆడతారు, అయినా ఒకరికొకరు దొరకరు. ఆమె తన గోడు ఇబెలిన్‌తో చెప్పుకుంది. అతను ఓదార్పు మాటలు చెప్పి వదిలేయలేదు. మీవాడు గదిలోంచి రాకపోతే మీరే అతనున్న చోటికి వెళ్ళండి, ఇద్దరూ కలిసి ఆడండి అన్నాడు. వినడానికి ఎంత తేలిక సలహా! బయటి ప్రపంచం వైపు నుంచి ఆలోచించేవాళ్ళకు తట్టేది దీనికి తలకిందులు: కంప్యూటర్ కట్టేయించి కుర్రాణ్ణి బయటికి లాగడం. మాట్స్ ఆ గది లోపలి మనిషి కాబట్టి లోపలి దారి చూపించాడు.

ఆమె వెళ్ళింది. తల్లి క్యారెక్టర్, కొడుకు క్యారెక్టర్ అజెరోత్‌లో కలుసుకున్నాయి. ఆటలో కౌగిలింతకు ఒక ఆదేశం ఉంది, టైప్ చేస్తే కౌగిలించుకున్నట్టు తెరమీద అక్షరాల్లో వస్తుంది. ఇంట్లో అందని కౌగిలి ఆమెకు ముందు అక్కడ అందింది. అక్కణ్ణుంచి మాటలు మొదలయ్యాయి.

ఇదంతా చదివి మాట్స్‌ని దేవుణ్ణి చేసేయకండి. కుర్రాడు. కోపమొస్తే పుల్లవిరుపుగా మాట్లాడేవాడు. ఒక దశలో గిల్డులో కొందరిని నొప్పించాడు, దగ్గరివాళ్ళనీ దూరం చేసుకున్నాడు. జబ్బు ముదురుతోందని, వేళ్ళు మొరాయిస్తున్నాయని అవతలివాళ్ళకు తెలియదు కాబట్టి వాళ్ళకది అహంకారంలాగే కనిపించి ఉంటుంది. ఇన్నేళ్ళూ అందరి కష్టాలూ విన్నవాడు తన కష్టం చెప్పుకోవడానికి ఎంత జంకాడో చూస్తే నాకు కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. సాయం చేసేవాడి స్థానంలో ఉన్నంతకాలం అతను వాళ్ళతో సమానం. చక్రాల కుర్చీ సంగతి తెలిసిన మరుక్షణం ఆ సమానత్వం పోతుందేమోనని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు కూడా.

2013లో బ్లాగు రాస్తూ చివరికి చెప్పేశాడు. ఆ తెరమీద తన సంకెళ్ళు ఊడిపోతాయని, అక్కడ తాను ఎవరు కావాలంటే వాళ్ళు కాగలనని రాశాడు. గిల్డులో ఒక్కొక్కరికీ తెలిసింది. అతను భయపడ్డట్టు ఎవరూ వదిలిపోలేదు.

2014 నవంబరు 18న మాట్స్ చనిపోయాడు. ఇరవై అయిదేళ్ళు. అజెరోత్‌లో ఇబెలిన్ లాగిన్ కావడం మానేశాడు. ఎందుకో అక్కడివాళ్ళకు తెలియలేదు.

బ్లాగు పాస్‌వర్డ్ తండ్రి దగ్గరుంది. కొడుకు రాతలు ఎవరైనా చదువుతారో లేదో ఆయనకు తెలియదు. అయినా, చదివేవాళ్ళుంటే వాళ్ళకు చెప్పడం ధర్మం అనుకున్నాడు. మాట్స్ ఇక లేడని రాసి, కింద తన ఈమెయిల్ ఐడీ ఇచ్చి, పోస్ట్ చేశాడు. కాసేపటికి ఒక మెయిల్ వచ్చింది. తర్వాత మరొకటి. ఆపైన వరస కట్టాయి. రాసినవాళ్ళెవరూ క్లుప్తంగా సంతాపం తెలిపి ఊరుకోలేదు, పేజీలకు పేజీలు రాశారు. మాట్స్ తమకు ఏం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో, ఆ మాట విన్నాక తమ ఇంట్లో ఏం మారిందో రాశారు. తమ కొడుకు స్నేహమంటే ఏమిటో తెలియకుండానే పోయాడనుకున్న ఆ దంపతులకు, వాడు ఇన్ని దేశాల్లో ఇంతమందికి ఆప్తుడని అపరిచితులు చెబుతున్నారు.

ఆస్లోలో అంత్యక్రియలకు స్టార్‌లైట్ నుంచి అయిదుగురు వచ్చారు. నెదర్లాండ్స్, ఇంగ్లండ్, ఫిన్లండ్, డెన్మార్క్, జర్మనీల నుంచి. రూమర్ కూడా వచ్చింది, తన అసలు పేరుతో, అసలు ముఖంతో. తాను అంతకాలం ఆటపట్టించిన మనిషిని ముఖాముఖి కలవడానికి వచ్చిన ఆమెకు ఎదురైంది అతని శవపేటిక.

ఇంత వివరంగా ఈ కథ మనకు తెలియడానికి కారణం గిల్డు అలవాటు. స్టార్‌లైట్ వాళ్ళు చాట్‌లన్నీ భద్రపరిచారు, ముద్రిస్తే 42,000 పేజీలట. నార్వే దర్శకుడు బెంజమిన్ రే ఆ పేజీల్లోని మాటల్నే తీసుకుని, ఆట బొమ్మలతోనే ఇబెలిన్ జీవితాన్ని మళ్ళీ ఆడించాడు. ‘ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్’ 2024 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో రెండు అవార్డులు గెలిచింది. ఆ అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. తమాషా ఏమిటంటే ఆట బొమ్మలు వాడుకోవడానికి రే ముందుగా అనుమతి తీసుకోలేదు. సినిమా చాలావరకు తయారయ్యాక కాలిఫోర్నియా వెళ్ళి ఆట తయారుచేసిన కంపెనీవాళ్ళకు చూపించాడు. వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ సినిమా చూసి, ఆటలు మంచివేనని తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అదే ఆటలో మోసపోయినవాళ్ళున్నారు, ఉద్యోగాలు, కాపురాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ డచ్ తల్లిదండ్రులు కంప్యూటర్ లాక్కోవడం ఉత్తపుణ్యానికేం కాదు. అయితే రాబర్ట్ స్టేన్ తర్వాత చెప్పుకున్న మాట ఒకటి వేరు. కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చుని, అదేమిట్రా అని మేం మరికాస్త అడిగి ఉండాల్సింది అన్నాడు ఆయన. అడగకపోవడం వల్ల నష్టపోయింది తామేనన్నాడు.

ఎల్విన్ అడవిలో ఇప్పుడు ఇబెలిన్ పేరిట సమాధి రాయి ఉంది, కంపెనీయే పెట్టించింది. దాంతోపాటు 2024లోనే రెవెన్ అనే నక్కపిల్లను అమ్మకానికి పెట్టింది. కొనుక్కున్నవాళ్ళ క్యారెక్టర్ వెంట తిరుగుతుంది, యుద్ధంలో ఎందుకూ కొరగాదు. డబ్బు మాత్రం డుషేన్ జబ్బు మీద పరిశోధనలకు ఖర్చుపెట్టే క్యూర్‌డుషేన్ సంస్థకు వెళ్ళింది.