పట్టపగటి దీపములు

వ్యర్థమైన పనిని గూర్చి చెప్పునపుడు తెలుగువారు 'సూర్యుని ముందు దివిటీ' అందురు. పట్టపగలు దీపము వెలిగించినవానిని చూచి లోకము నవ్వును. ఐనను ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పెక్కు దేశముల ప్రభుత్వములు మోటారుబండ్లు పగలు కూడ దీపములతోనే నడువవలెనని శాసించినవి. భారతదేశమున 2017 ఏప్రిల్ 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఇదే నియమము వర్తించుచున్నది. ఇంజను నడచుచున్నంతసేపు ముందుదీపము వెలుగుచునే యుండును. దానిని ఆర్పుటకు మీట లేదు. ఆ క్రొత్తలో ఎదురుగా వచ్చువారు 'మీ లైటు వెలుగుచున్నది' అని వ్రేళ్లు ముడిచి తెరచి సైగ చేయుట తెలుగునాట రోడ్లపై సామాన్య దృశ్యము.

నవ్వులాటగ తోచు ఈ దీపము వెనుక కంటి స్వభావము, ప్రమాదముల లెక్కలు, బల్బు నిర్మాణము పెనవేసికొని యున్నవి. కారుతో వచ్చిన పగటిదీపపు బల్బును తీసివేసి, బజారులో దొరకు మరింత తెల్లనిదానిని, మరింత కాంతిగలదానిని తొడుగుట నేడు పలువురకు వేడుక. అది మేలో కీడో తేల్చుకొనుటకు ముందు ఆ దీపమును ఎందుకు, ఏ లెక్కతో పెట్టిరో తెలిసికొనుట యుక్తము.

చూచుటకు గాదు, కనబడుటకు

రాత్రి దీపము నడుపువానికి దారి చూపును. పగటి దీపము అతనికి ఏమియు చూపదు. మిట్టమధ్యాహ్నము నేలపై పడు ఎండ సుమారు 1 లక్ష లక్సులు. దానికి కారుదీపము కలుపునది లెక్కకు రానంత స్వల్పము. ఆ దీపము ఎదుటివాని కొరకు పెట్టినది. ఎదుటివాని కన్ను కాంతి మొత్తమును కొలువదు. ఒక వస్తువునకు, దాని వెనుకనున్న నేపథ్యమునకు గల తేడాను పసిగట్టును. చెట్లనీడలో తారురోడ్డుపై వచ్చు బూడిదరంగు కారు ఆ నేపథ్యములో కలిసిపోవును. దాని ముఖమున రెండు వెలుగుచుక్కలున్నచో తేడా ఏర్పడి చూపు అటు మరలును.

ఈ సూత్రమునకు చిత్రమైన నిదర్శనము రెండవ ప్రపంచ యుద్ధకాలమున దొరకినది. 1940లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్మండ్ గాడ్‌ఫ్రీ బర్ ఓడలను దీపములతోనే దాచవచ్చునని సూచించెను. ఓడ ప్రక్కభాగములను, దాని వెనుక కనబడు ఆకాశమెంత వెలుగుచున్నదో అంతే వెలుగునట్లు చేసినచో తేడా నశించి ఓడ కనుమరుగగును. 1943లో అమెరికావారు ఇదే ఉపాయమును విమానములపై పరీక్షించిరి. రెక్కల ముందంచున దీపములు లేని విమానము 12 మైళ్ల దూరముననే కనబడెను. ఆకాశపు కాంతికి సరితూగు దీపములు పెట్టినది 3,000 గజముల దూరమునకు వచ్చువరకు కనబడలేదు. కావున పగటి దీపము దాచనూ గలదు, చూపనూ గలదు. ఎంత కాంతి, ఏ దిక్కునకు అనునదే ముఖ్యము.

ఉత్తర దేశముల అనుభవము

పగటి దీపములు చట్టమైనది మొదట ఉత్తర ఐరోపాలో. అచట శీతకాలమున సూర్యుడు దిగంతమును వదలి పైకి రాడు. పగలంతయు మునిమాపువలె నుండును. 1972లో ఫిన్లాండు శీతకాలమున ఊళ్ల వెలుపలి రోడ్లపై దీపములు తప్పనిసరి చేసెను. స్వీడను 1977 అక్టోబరు 1 నుండి ఏడాది పొడవున అన్ని రోడ్లకు ఆ నియమమును విస్తరించెను. నార్వే, ఐస్లాండు 1988 నాటికి, డెన్మార్కు 1990లో ఆ దారి పట్టినవి.

ఫలితమెంత? 1981లో స్వీడనునందు వెలువడిన ఒక పరిశోధన, రెండు లేక అంతకంటె ఎక్కువ వాహనములు పాల్గొను పగటి ప్రమాదములు సుమారు 11 శాతము తగ్గినవని తెలిపెను. 1995లో డచ్చి శాస్త్రజ్ఞులు ఆ లెక్కలనే తిరిగి పరిశీలించి, ఆ నిర్ణయమునకు ఆధారము చాలదనిరి. మరుసటి యేడు నార్వేకు చెందిన రూనే ఎల్విక్ అంతవరకు జరిగిన పరిశోధనలనన్నిటిని కూడదీసి, దీపము వాడు కారులకు ఇట్టి ప్రమాదములు 10 నుండి 15 శాతము తగ్గునని అంచనా వేసెను. ఆస్ట్రియా 2005లో నియమము పెట్టి, 2008 ఆరంభముననే ఎత్తివేసెను. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2008లో చేసిన పరిశోధనలో అన్ని ప్రమాదములను కలిపి చూచినపుడు నిశ్చయముగ చెప్పదగిన మేలు కనబడలేదు.

ఉష్ణమండలమున మాటయేమి? మలేషియా 1992లో మోటారుసైకిళ్లకు పగలు దీపము తప్పనిసరి చేసెను. ఎదుటివాడు చూడక జరిగెడు మోటారుసైకిలు ప్రమాదములు అటుపిమ్మట సుమారు 29 శాతము తగ్గినవని అచటి పరిశోధకులు ప్రకటించిరి. కారు ముఖము వెడల్పయినది, మోటారుసైకిలు ముఖము సన్ననిది. కనబడవలసిన అవసరము చిన్నదానికే ఎక్కువ. ఈ అంశమునకు తరువాత మరల రావలసియున్నది.

రెండు మార్గములు

పగటి దీపమును సమకూర్చుటకు చౌకయైన మార్గము ఉన్న దీపమునే వాడుట. కెనడా 1990 నుండి క్రొత్త కారులన్నిటికి పగటి దీపములను విధించినపుడు, పెక్కు కారులలో దూరకాంతి బల్బులు రెండింటిని ఒకే వరుసలో కలిపి, ఒక్కొక్కదానికి సగము వోల్టేజి మాత్రమే అందునట్లు చేసిరి. తీగబల్బు కాంతి వోల్టేజితో సమానముగ తగ్గదు. ఇంచుమించు మూడున్నర ఘాతముగ పడిపోవును. కావున సగము వోల్టేజికి వచ్చునది పదింట ఒక వంతు కాంతియే. బల్బు ఆయుర్దాయము మాత్రము ఎన్నో రెట్లు పెరుగును. అమెరికా 1993లో పగటి దీపములను అనుమతింపగా, జనరల్ మోటార్సు 1995 నమూనాలతో వాటిని ప్రవేశపెట్టెను.

ఈ దీపముల తీవ్రత 7,000 కాండెలాల వరకు ఉండవచ్చునని అచటి నియమము. కాండెలా యనగా స్థూలముగ ఒక కొవ్వొత్తి ఒక దిక్కునకు పంపు కాంతి. ఎదుటివారి కండ్లు చెదరుచున్నవని వేలకొలది ఫిర్యాదులు వచ్చినవి. 1998లో ఆ హద్దును 1,500 కాండెలాలకు తగ్గింపవలెనని అమెరికా సంస్థ ప్రతిపాదించి, 2004లో ఆ ప్రతిపాదనను విరమించుకొనెను.

ఐరోపా వేరు మార్గము పట్టెను. అచటి నియమము ప్రకారము పగటి దీపము ప్రత్యేకముగ నుండవలెను, తెల్లగ వెలుగవలెను, నేరుగా ముందుకు 400 కాండెలాలకు తగ్గరాదు, 1,200 కాండెలాలకు మించరాదు, వెలుగు వైశాల్యము 25 నుండి 200 చదరపు సెంటీమీటర్ల లోపల ఉండవలెను. దారిమలుపు సూచించు నారింజరంగు దీపము మరీ దగ్గరగ నున్నచో, అది మినుకుచున్నంతసేపు పగటిదీపము ఆరవలెను లేక తగ్గవలెను. 2011 ఫిబ్రవరి 7 నుండి క్రొత్త నమూనా కారులన్నిటికి అట్టి దీపములు తప్పనిసరియైనవి.

బల్బు ఒంటరిది కాదు

ఐరోపా కారులలో ఈ పనికి పెట్టిన బల్బులలో 21 వాట్ల చిన్న తీగబల్బు ఒకటి. అది ఇచ్చు మొత్తము కాంతి సుమారు 460 ల్యూమెన్లు. దానిని చేతబట్టి వెలిగించినచో ఆ కాంతి నలుదెసల చెదరి, ఒక్కొక్క దిక్కునకు 37 కాండెలాలు మాత్రమే దక్కును. 37ను 400 దాటించునది బల్బు కాదు. దాని వెనుకనున్న గిన్నెవంటి అద్దము. ఆ అద్దపు వంపును, ముందుగాజు గీతలను, తీగ ఎచట నుండునో ఎంత పొడవుండునో లెక్కించి మలచియుందురు. తీగ కొద్ది మిల్లీమీటర్లు జరిగినను కాంతి దారి తప్పును.

బజారు బల్బుల మోసము ఇచటనే కలదు. ఎల్‌ఈడీ బల్బులో కాంతి తీగనుండి పుట్టదు. పలుచని పలకలపై అతికించిన ముక్కలనుండి పుట్టును. ముక్కల స్థానము వేరు, కాంతి వెలువడు దిక్కులు వేరు. ప్యాకెట్టుపై ల్యూమెన్ల సంఖ్య రెట్టింపుగ అచ్చువేసినను, ఆ అద్దము కూడగట్టలేని కాంతి ప్రక్కలకు, పైకి పోవును. నేరుగా ముందుకు వెలుగు తగ్గుటయు, ఎదుటివాని కంటిలో పొడుచుటయు ఒకే బల్బువలన సంభవించవచ్చును. నీలిపూత పూసిన తీగబల్బులు ఇంకొక భ్రమ. పూత కాంతిని చేర్చదు. పసుపు, ఎరుపు భాగమును మ్రింగి మిగిలినదానిని తెల్లగ చూపును. ఎక్కువ వాట్ల బల్బు తొడిగినచో వేడికి పట్టుచట్రము కరగుటయు, అద్దపు పూత మాడుటయు కద్దు.

అట్లని ఎల్‌ఈడీ తప్పుడు సాధనము కాదు. 1993లో జపానులో షూజీ నాకమూరా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించెను. 1996లో దానికి పసుపు పదార్థము పూసి తెల్లని ఎల్‌ఈడీని బజారుకు తెచ్చిరి. ఈ నీలికాంతి కృషికి అకసాకి, అమానో, నాకమూరాలకు 2014లో నోబెల్ బహుమతి లభించెను. 2004లో ఔడీ సంస్థ ఏ8 కారుకు ఎల్‌ఈడీ పగటిదీపములను అమర్చెను. ఆ దీపమును మొదటినుండి ఎల్‌ఈడీ కొరకే మలచిరి. అద్దము, వేడిని లాగు లోహము, విద్యుత్తును అదుపుచేయు సాధనము అన్నియు దానికి తగినవే. వస్త్రమును కొలతకు కుట్టుట వేరు, ఒకరి చొక్కా ఇంకొకరికి తొడుగుట వేరు.

తీగల చిక్కు

విద్యుత్తు పక్షమున మరియొక చిక్కు కలదు. 21 వాట్ల తీగబల్బు ఒకటిన్నర ఆంపియరులకు పైగా గ్రహించును. బల్బు మాడినదో లేదో కారులోని నియంత్రణ యంత్రము ఆ ప్రవాహమును బట్టియే గుర్తించును. మూడు నాలుగు వాట్ల ఎల్‌ఈడీ తొడిగినచో ప్రవాహము చాలక 'బల్బు పోయినది' అని హెచ్చరిక వచ్చును. కొన్ని కారులు సెకనుకు అనేక పర్యాయములు విద్యుత్తును త్రెంచి కలుపుచు దీపపు కాంతిని తగ్గించును. తీగ చల్లబడుటకు వ్యవధి పట్టును గనుక ఆ త్రెంపు కంటికి తెలియదు. ఎల్‌ఈడీ తక్షణమే ఆరి వెలుగును గనుక మినుకుమినుకుమనును.

దీనికి బజారులో అమ్ము విరుగుడు ఒక నిరోధము. 6 ఓముల నిరోధమును 13.5 వోల్టులకు కలిపినచో అది సుమారు 30 వాట్లను వేడిగ మార్చివేయును. తీగబల్బు తినునది 21 వాట్లు. దానిని తప్పించుటకు పెట్టిన ఏర్పాటు తినునది 30కి పైగా! ఆ వేడికి దగ్గరనున్న ప్లాస్టిక్కు మెత్తబడు ప్రమాదము అదనము. పొదుపు కొరకు చేసిన మార్పు దుబారాగ ముగియును.

జర్మనీలో 2020లో ఒక మధ్యేమార్గము వచ్చెను. ఓస్రాం సంస్థ తయారుచేసిన ఎచ్7 రకపు ఎల్‌ఈడీ బల్బునకు, అది ముందుదీపపు బల్బు, ప్రభుత్వము అనుమతి నిచ్చినది. ఐతే ఏ యే కారు నమూనాలలో పరీక్షించి సరియని తేలినదో ఆ జాబితాలోని వాటికి మాత్రమే. బల్బును దీపముతో కలిపియే పరీక్షింపవలెనను పాత సత్యమునే ఆ జాబితా చాటుచున్నది. భారతదేశమునందును మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన రూపమునుండి వాహనమును ఇష్టము వచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది.

వెలుగు వెనుక చీకటి

పగటి దీపము ముందే వెలుగును. పెక్కు కారులలో దానితో వెనుక ఎఱ్ఱదీపములు వెలుగవు. మునిమాపు వేళ ఎదుట వెలుతురు కనబడుచుండగా నడుపువాడు దీపములన్నియు వెలిగినవనుకొని సాగిపోవును. వెనుకనుండి వచ్చు లారీకి ఆ కారు నల్లని ఆకారమే. ఈ ప్రమాదమును గుర్తించి కెనడా 2021 సెప్టెంబరు నుండి క్రొత్త వాహనములలో పగటిదీపముతో వెనుకదీపములు కూడ వెలుగుట, లేక చీకటిలో అన్నియు వాటంతట అవే వెలుగుట, లేక నడుపువాని ఎదుటి కొలతపలక చీకటిగ నుండుట, ఈ మూటిలో ఒకటి ఉండవలెనని విధించెను. మరింత కాంతిగల పగటి బల్బు తొడిగిన కారులో ఈ పొరపాటునకు అవకాశము హెచ్చు.

ఇక మోటారుసైకిలు సంగతి. అందరి దీపములు మితముగ వెలుగుచున్నపుడు సన్నని వాహనము కూడ తన చిన్న దీపముతో గుర్తింపబడును. కారు యజమాని తన దీపమును హద్దుమీరి పెంచినచో ఆ మెరుపు ప్రక్కన వచ్చు ద్విచక్రవాహనము, రోడ్డు దాటు ముసలివాడు, సైకిలుపై బడికి పోవు పిల్లవాడు మరుగునపడుదురు. కాంతితో ఓడను దాచిన బర్ ఉపాయము ఇచట ఎవరును కోరకయే పునరావృతమగును. తన కారు కనబడుటకు పెట్టుకొన్న దీపము పొరుగువానిని మాయము చేయును.

కావున పగటి దీపపు కాంతి చాలలేదని తోచినపుడు చేయదగిన పనులు సామాన్యమైనవి. దీపపు ముందుగాజు ఎండకు పసుపెక్కినదేమో చూచి మెరుగుపెట్టవలెను. పాతబల్బు గాజు నల్లబడినచో, కారుతో వచ్చిన పుస్తకములో వ్రాసిన రకమునే, అదే వాట్లకు, జతగా మార్చవలెను. బల్బు పట్టును, తీగల కొసలను తుప్పులేకుండ తుడువవలెను. తుప్పువలన ఒక్క వోల్టు తగ్గినను కాంతి నాల్గవ వంతు పోవును. సంజవేళ మీట నొక్కి వెనుకదీపములు వెలిగినవో లేదో ఒకసారి దిగి చూచుట అన్నిటికంటె చౌకయైన రక్షణ.