ఉప్పల్, నాచారంలో రూమ్ చూస్తున్నారా..? అడ్వాన్స్ కట్టే ముందు స్టూడెంట్స్ ఇవి తెలుసుకోవాల్సిందే!

హాస్టల్‌లో సీటు రాలేదు.. పీజీలో తిండి పడటం లేదు.. దీంతో ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక పోర్షన్ తీసుకుందామని ఉప్పల్, నాచారం వైపు వచ్చే విద్యార్థులు చాలామందే. అద్దె దగ్గర గట్టిగా బేరమాడతారు కానీ, అగ్రిమెంట్ చదవకుండానే సంతకం పెట్టేస్తారు. అసలు నష్టం ఖాళీ చేసే రోజు తెలుస్తుంది.

ఏ ఏరియా ఎవరికి?
ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్లేవారికి ఉప్పల్ సౌకర్యం. 2017 నవంబర్‌లో మొదలైన నాగోల్ - అమీర్‌పేట్ మెట్రో మార్గంలో ఉప్పల్ ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటాక తార్నాక వస్తుంది. ఘట్‌కేసర్ వైపు కాలేజీలకు వెళ్లేవారు వరంగల్ రోడ్డు ట్రాఫిక్‌ను లెక్కలో పెట్టుకోవాలి. ఇక్కడ 2018లో మొదలైన ఉప్పల్ - నారపల్లి ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. నాచారానికి మెట్రో లేదు. హబ్సిగూడలో దిగి బస్సో, ఆటోనో పట్టుకోవాలి. రోజూ అయ్యే ఆ ఖర్చునూ అద్దెతో కలిపి చూసుకోవాలి.

పగలు ఒకసారి, రాత్రి ఒకసారి
నాచారంలో ఇండస్ట్రియల్ ఏరియా ఉంది కాబట్టి లారీల శబ్దం, వాసన ఎలా ఉన్నాయో రాత్రి పూట కూడా వెళ్లి చూడాలి. 2020 అక్టోబర్ వర్షాలకు రామంతాపూర్, హబ్సిగూడలో కొన్ని కాలనీలు నీట మునిగాయి. గ్రౌండ్ ఫ్లోర్ తీసుకునేవారు వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్లని అడగాలి.

కరెంట్ మీటర్ ఎవరిది?
పోర్షన్‌కు విడిగా మీటర్ ఉందా లేదా చూడాలి. రెండు మూడు పోర్షన్లకు ఒకే మీటర్ ఉంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబ్‌లోకి వెళ్తాయి, అందరికీ రేటు పెరుగుతుంది. పాత బిల్లు అడిగి బకాయిలు లేవని చూసుకోవాలి. చేరే రోజే రీడింగ్ ఫొటో తీసుకోవాలి.

11 నెలలే ఎందుకు?
రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా ఉండాలని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. స్టూడెంట్స్‌కు ఇక్కడే చిక్కు. జులైలో చేరి, పరీక్షలయ్యాక మే నెలలో ఊరెళ్లిపోతే లాక్-ఇన్ పేరుతో మిగతా అద్దె అడగొచ్చు. అందుకే లాక్-ఇన్ ఎన్ని నెలలు, నోటీస్ ఎన్ని రోజులు అనేది ముందే రాయించుకోవాలి. అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే, నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీస్ చాలని 1882 ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది.

పెయింటింగ్ పేరుతో కోత
వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాదని అదే చట్టంలో ఉంది. కానీ 'ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు' అన్న లైన్ కింద సంతకం పెడితే ఆ మాటే చెల్లుతుంది. ఉదాహరణకు అద్దె రూ.10,000, అడ్వాన్స్ రూ.20,000 అనుకుంటే సగం అక్కడే పోయినట్టు. ఇంటి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటొద్దని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అయితే రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది.

ఇవి మర్చిపోవద్దు
- రూమ్‌లో ఉండే అందరి పేర్లూ అగ్రిమెంట్‌లో ఉండాలి. ఒకరు మధ్యలో వెళ్లిపోతే అతని వాటా ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి.
- అడ్వాన్స్ యూపీఐలోనో, బ్యాంకు ద్వారానో పంపాలి. క్యాష్ ఇస్తే రసీదు తీసుకోవాలి.
- గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఎలా ఉన్నాయో మొదటి రోజే వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయాలి.
- ఆధార్ జిరాక్స్ అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు.
- ఇల్లు చూడకుండా 'టోకెన్ అమౌంట్' పంపొద్దు. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.