నల్లికి వేడే మందు

ఇటు రా బిడ్డా, చలిమంట కాడ కూసో. మీ పీజీల నల్లులు పడ్డయని చెప్పనీకె సిగ్గుపడ్డవంట! ఎందుకు సిగ్గు? నల్లి మురికిని ఎతుక్కుంట రాదు. మన ఊపిరిని, ఒంటి వేడిని పసిగట్టి వస్తది. 2023ల పారిస్ పట్నమంత నల్లుల ముచ్చటే నడిచింది.

మన మాదాపూర్‌ల సైబర్ టవర్స్ 1998ల తెరిచిండ్రు. అంతకు ముందు ఇక్కడ ఏముండె? బండలు, సీతాఫలం చెట్లు, దుర్గం చెరువు, నాలుగు ఇండ్లు. ఏ ఇంట్ల చూసినా నులక మంచాలే, ఏ మంచంల చూసినా నల్లులే. ఎండలు ముదిరినయంటే మా అమ్మ పొద్దుగాల్నే మంచాలన్ని వాకిట్లకు ఈడ్పిచ్చేది. బొంతలు బండల మీద పరిచేది. గుండిగల నీళ్లు సలసల మరిగినంక, కోడు, పట్టె కలిసే సందుల చెంబుతోని సన్నగ పోసేది. నేను మంచం ఒరగవట్టి తిప్పుతుంటి. ఎర్రగ, మసూరు పప్పు గింజంత నల్లులు నీళ్లతోని కొట్టుకొస్తుండె. పట్టె పగుళ్లల్ల తెల్లటి గుడ్లు అంటుకోని ఉంటుండె.

వారం పది దినాలకు మళ్ల అదే పని. “మొన్ననే పోసినం గదనే” అంటే, “గుడ్లు పిల్లలైతయి కొడుకా” అనేది. అమ్మ బడి మొహం చూడలే గని లెక్క తప్పలే. మన ఎండలకు నల్లి గుడ్డు పది దినాల లోపల్నే పిల్లయితది.

1953ల మలేరియా పథకం వచ్చినంక ఊర్లల్ల గోడలకు డీడీటీ కొట్టిండ్రు. మొదట్ల నల్లులు రాలిపోయినయి, జనం సంబురపడ్డరు. తర్వాత నల్లి ఆ మందును తట్టుకునుడు నేర్చింది. ఇయ్యాల దుకాణంల దొరికే చాన మందులకూ అది సావదు. వేడిని మాత్రం ఏ నల్లీ తట్టుకోలే. 50 డిగ్రీలు దాటిన వేడి లోపలిదాంక తగిలితే నల్లి, గుడ్డు రెండూ సస్తయి.

నల్లికి రెక్కల్లేవు, దుంకనూ రాదు. మనమే మోసుకపోతం. స్లీపర్ బస్సు దిగిన బ్యాగు సీదా పరుపు మీద పెడ్తరు. ఖాళీ చేసి పోయేటోళ్ల పరుపు, సోఫా అగ్గువకు కొనుక్కుంటరు. గట్లనే గచ్చిబౌలి నల్లి కొండాపూర్‌కు చేరుతది.

టార్చి వేసి పరుపు కుట్లు, మంచం సందులు, తలాపు చెక్క ఎనుక చూడు. నల్లటి చుక్కలు కనవడ్తే నల్లులున్నట్టే. దుప్పట్లు, బట్టలు రూములనే సంచిల మూటగట్టి, 60 డిగ్రీల వేడి నీళ్లల్ల ఉతికి, డ్రయర్‌ల బాగ వేడి మీద అర్ధగంట తిప్పు. ఇనుప మంచమైతే బయట పెట్టి సందులల్ల మరిగే నీళ్లు పోయించు. పక్క రూములు కూడ చూపియ్యాలె. మందు కొట్టేటోళ్లను పిలిస్తే, రెండు వారాలకు మళ్ల రమ్మను. ఊరికి పోయినప్పుడు హోటల్ల బ్యాగు బాత్రూం గచ్చు మీద పెట్టి, ముందు పరుపు మూలలు లేపి చూడు. ఇంటికొచ్చినంక బట్టలు సీదా ఉతుకుడుకే ఎయ్యి.

ఒక్క మాట గట్టిగ చెప్తున్న. బియ్యం బస్తాలల్ల పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పండుకునే రూముల పెట్టొద్దు. వాటి గాలి పీలిస్తే మనిషి పాణమే పోతది. కిరోసిన్ చల్లితే ఇల్లే అంటుకుంటది. నల్లికి గంత భయపడే పని లేదు. దోమ రోగం మోస్తది; దోమల మలేరియా పురుగును రోనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897ల మన సికింద్రాబాద్‌లనే చూసిండు. నల్లి గట్ల రోగాలు మోసుకొస్తదని ఇప్పటిదాంక రుజువు కాలే. దురద పెడ్తది, నిద్ర చెడగొడ్తది. అంతమాత్రానికి పాణం మీదికి తెచ్చుకోవద్దు.

రేపు పొద్దుగాల్నే ఓనర్‌కు చెప్పు, రూమోళ్లందరికీ చెప్పు. అందరు ఒక్కదినం చేస్తేనే నల్లి పోతది. దాచిపెట్టుకున్న ఇంట్లనే అది పెరుగుతది.